ఉపవాసంతో చూపించుకున్న కళ్ళు

సహోదరులారా, సహోదరీలారా, మా మందిరంలో అందరూ తలలు వంచుకుని వాక్యం వింటున్న సమయంలో నేను కూడా తల వంచుకుని, చెంగు నెత్తి మీద కప్పుకుని, చదువుతున్న మనిషి ఎక్కడ తప్పు చదువుతుందా అని కాచుకుని కూర్చున్న రోజులు ఉన్నాయి! ఒక్క ఆదివారం కాదు, ఒక వానాకాలం మొదలుకొని మరుసటి ఎండాకాలం దాకా అదే నా ఆరాధన. చదివే మనిషి పరాయిది కాదు, మా మరిది భార్య దీవెన, నా సొంత తోడికోడలు. ఆమె ఒత్తు పలక్కపోతే నాకు సంతోషం, వరస తప్పితే నాకు పండగ, తప్పు లేకుండా ముగించి వేదిక దిగిందంటే మాత్రం ఆ పూట నాకు అన్నం సహించేది కాదు. అలాంటి నన్ను దేవుడు ఏ దారిన పట్టుకున్నాడో చెప్పమని మా పాస్టరయ్య ఎన్నోసార్లు అడిగారు, నేనే సిగ్గుపడి తప్పించుకు తిరిగాను, ఇక తిరిగే ఓపిక లేక మన సంఘ పత్రికలో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. దేవునికే మహిమ!

నా పేరు కరుణమ్మ. మాది చీపురుపల్లికి ఆటోలో వెళ్ళి రాగలిగిన పల్లె, వరీ గోగూ పండించుకునే ఇల్లు. నేను కోడలిగా ఆ ఇంట అడుగుపెట్టేనాటికి మా చిన్న మందిరంలో గడగడా చదవగలిగిన ఆడమనిషి లేదు. నేను పదో తరగతి దాకా చదివాను, గొంతు కూడా దేవుడు పెద్దదే ఇచ్చాడు, మైకు లేని రోజుల్లో సైతం బయట చెప్పుల దగ్గర నిలబడ్డవాళ్ళకి వినిపించేది. ఆనాటి నుంచి ఆదివారం వాక్యం చదవడం నా పని అయింది. ఆరాధన అయ్యాక ముసలమ్మలు నా చెయ్యి పట్టుకుని, "కరుణమ్మా, నువ్వు సదివితే ఎదరగుండా జరుగుతన్నట్టే ఉంటాదమ్మా!" అనేవారు. ఆ మాట కోసం నేను వారమంతా ఎదురుచూసేదాన్ని, అబద్ధమెందుకు! నాకు వేరే పేరు లేదు, పొలం మా ఆయన పేరున ఉంది, పిల్ల పెళ్ళై వెళ్ళిపోయింది, ఊళ్ళో నాదంటూ ఉన్నది ఆ చదువే.

దీవెన మా ఇంటికి వచ్చేటప్పటికి ఆమెకు అక్షరం ముక్క రాదు. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, పలక కొని, "అ" దగ్గర నుంచి నేనే నేర్పాను. "అక్కా, ఇదేటి? అక్కా, అదేటి?" అని నా ప్రాణం తీసేది. నేర్చుకుంది. నాకు గర్వంగానే ఉండేది, ఎందుకంటే ఎంత నేర్చుకున్నా నా తర్వాతే కదా అనుకున్నాను.

ఇలా ఉండగా నా కళ్ళు మసకెయ్యడం మొదలైంది. చత్వారం వచ్చిందిలే, యాభై దాటిన మనిషికి రాకుండా ఉంటుందా అనుకున్నాను. కానీ ఇది చిత్రంగా ఉండేది! ఒకరోజు గ్రంథం దగ్గరగా పట్టుకుంటే కనిపించేది, ఇంకోరోజు దూరంగా పెడితే కనిపించేది, మరోరోజు ఎక్కడ పెట్టినా అక్షరాలు నీళ్ళల్లో ఉన్నట్టు కదిలేవి. దారిలో ఎదురొచ్చే మనిషి ముఖం ఆనేది కాదు, నడకను బట్టి, చీర రంగును బట్టి పలకరించేదాన్ని. ఒక ఆదివారం చదువుతూ చదువుతూ ఒక వరస నుంచి ఇంకెక్కడికో దూకేశాను, అర్థం లేని మాటొకటి బయటికొచ్చింది, వెనక ఎవరో దగ్గారు, పాస్టరయ్య మెల్లగా లేచి పక్కకొచ్చి ఆ వరస మీద వేలు పెట్టి చూపించారు. సహోదరులారా, ఆ వేలు నాకు ఈనాటికీ గుర్తే! తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను.

అప్పుడే చీపురుపల్లిలో బడి ఆవరణలో ఉచిత కంటి పరీక్షలు పెట్టారు. వెళ్దామనుకున్నాను. నాకొక అలవాటు ఉంది, మా అమ్మ దగ్గర నుంచి వచ్చింది. పెద్ద పని ఏది తలపెట్టినా ముందు మూడు దినాలు ఉపవాసం ఉంటాను, మంచినీళ్ళు తప్ప నోట్లో ఏమీ వెయ్యను. పిల్ల పెళ్ళికి ఉన్నాను, మా ఆయన మోకాలి ఆపరేషనుకి ఉన్నాను, గోగునార అమ్మకానికి కూడా ఉన్నాను! ఆ సంగతి ఎవరికీ చెప్పను. ఉపవాసం దేవుడికీ మనకీ మధ్య మాట, నలుగురిలో చాటుకోకూడదని మా అమ్మ గట్టిగా నేర్పింది. కళ్ళ కోసం అలాగే మూడు దినాలు ఉండి, నీరసంగా, కానీ విశ్వాసంతో, ఆటో ఎక్కాను. దీవెన కూడా వెంట వచ్చింది. ఆమెకి తలనొప్పట, అంతే, పెద్ద కష్టమేమీ కాదు. దారిలో ఆటో దిగి సుబ్బరంగా అల్లం చట్నీతో ఇడ్లీలు తిని, మూతి తుడుచుకుని వచ్చి వరసలో నా వెనక నిలబడింది.

అక్కడ వేలు పొడిచి రక్తం చుక్క తీసి, "నీకు షుగర్ లేదమ్మా, ఎల్లు" అన్నారు. కుర్చీలో కూర్చోబెట్టి బరువైన ఫ్రేము ముక్కు మీద పెట్టి, ఒక అద్దం తీసి ఒక అద్దం వేసి, "ఇది బాగుందా? ఇప్పుడు బాగుందా?" అని అడుగుతూ పోయారు. నేను కింది వరస దాకా చదివేశాను. ఎంత సంతోషించానో! ఉపవాసానికి జవాబు దొరికిందని ఇంటికొచ్చి బెల్లం పరమాన్నం వండి, అందరికీ పెట్టి, నేనూ రెండుసార్లు వేయించుకుని తిన్నాను. తర్వాత కళ్ళద్దాలు వచ్చాయి. ప్రార్థన చేసి పెట్టుకున్నాను. మసక! తీసి తుడిచి పెట్టుకున్నాను. మసకే!

దీవెన కూడా తన అద్దాలు పెట్టుకుంది. పెరట్లోకి వెళ్ళి నిలబడి, "ఓలమ్మా! అక్కా, ఇలగ రా! మునగసెట్టు ఆకు ఆకూ ఇడివిడిగా కనపడతన్నాదే! ఇన్నాళ్ళూ సెట్టంటే పచ్చగా ముద్దలాగుంటాదనుకున్నాను!" అని చిన్నపిల్లలా గంతులు వేసింది. ఆ సంతోషం చూస్తుంటే నా కడుపు రగిలిపోయింది. పక్క గదిలోకి వెళ్ళి మోకరించి నేను చేసిన ప్రార్థన ఇది, సిగ్గు విడిచి రాస్తున్నాను:

"ప్రభువా, నానేటి తక్కువ సేసినాను నీకు? కడుపు మాడ్సుకుని ఎల్లినాను. అదేమో ఇడ్లీలు మింగి వచ్చినాది. దానికి సూపిచ్చినావు, నాకు మసకిచ్చినావు. ఇదేటి న్యాయం?"

అద్దాలు తప్పుగా ఇచ్చారని చీపురుపల్లిలోనే కళ్ళద్దాల కొట్టుకి వెళ్ళాను. మళ్ళీ మూడు దినాలు ఉపవాసం ఉండే వెళ్ళాను, ఈసారి ఇంకా పట్టుదలగా. ఆ అబ్బాయి నా అద్దాలు నాకే పెట్టి బోర్డు చదవమన్నాడు. చదివేశాను! అక్కడ అంతా స్పష్టంగా కనిపించింది! "అద్దాలు సరిగ్గానే ఉన్నాయి కదమ్మా, అలవాటు పడాలి అంతే" అన్నాడు. ఇంటికొచ్చాను, తిన్నాను, ఒకటి రెండు రోజులు గడిచేసరికి మళ్ళీ అదే మసక. విజయనగరంలో ఒక కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఉపవాసం ఉండే వెళ్ళాను. ఆయన చుక్కల మందు రాసి, అద్దాలు కొద్దిగా మార్చి, "కళ్ళు బాగానే ఉన్నాయి, ఎక్కువ ఆలోచించకండి" అన్నారు. కొత్త అద్దాలూ అంతే. అక్కడ కుర్చీలో కూర్చుంటే కనిపిస్తుంది, మా ఇంటి అరుగు మీద కూర్చుంటే కనిపించదు!

ఎవరికి చెప్పుకోను? చెబితే ఎవరు నమ్ముతారు? "అమ్మా, ఇక్కడ కింది వరస దాకా చదివారు కదా" అంటారు. చదివిన మాట నిజమే! ఎన్నిసార్లు పరీక్ష చేయించుకున్నా నేనే అబద్ధాలకోరుని అయ్యేదాన్ని. మా ఆయన ఎగతాళి మొదలుపెట్టాడు. "ఏటే, నీ కళ్ళకి బస్సెక్కితే జబ్బు తగ్గిపోతాదేటి? అయితే నిన్ను బస్సులోనే ఉంచీస్తాను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు ఒళ్ళు మండింది. ఇంటి పక్కవాళ్ళు, చదవడం ఇష్టం లేక వంక పెడుతోందన్నారు. వంకా? నాకా? చదవడానికా?

చివరికి పాస్టరయ్య ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, చాలా మెత్తగా, "కరుణమ్మా, నీ కళ్ళు కుదుటపడేదాకా దీవెన సదువుతాది. నువ్వే కదా నేర్పించినావు, నీ గొంతే అనుకో" అన్నారు. నేను నవ్వి, "మంచిదే అయ్యగారూ" అన్నాను. నా నోరు అలా అంది. లోపల ఏమందో దేవుడికి తెలుసు.

ఇక ఆ రోజుల సంగతి ఏమని చెప్పను! ఆమె చదవడం చూడాలి మీరు. ముక్కు మీద ఆ అద్దాలు, తెల్లచీర, నేను ఎక్కడ ఆగమని నేర్పానో అక్కడే ఆగడం, నేను ఎక్కడ గొంతు పెంచమన్నానో అక్కడే పెంచడం. అన్నీ నావే! నా ఆపులు, నా గొంతు, నా చోటు. ముసలమ్మలు ఇప్పుడు ఆమె చెయ్యి పట్టుకుంటున్నారు. నేను ఆమె చదువులో తప్పులు ఏరుకుని, మందిరం బయటికి వచ్చాక, "దీవెనా, అక్కడ ఒత్తు పలకాలే" అని అందరూ వినేలా చెప్పేదాన్ని. ఆమె, "అవునక్కా, మళ్ళీ సెప్పు" అని అక్కడే నిలబడి నేర్చుకునేది. దాంతో నాకు ఇంకా మంట! కోపం తెచ్చుకుంటే కదా పోట్లాడగలం! ఒకనాడు ప్రార్థనలో, "ప్రభువా, నా కళ్ళు బాగు సెయ్యకపోతే మానీ, దాని అద్దాలకి ఏదో ఒకటి..." అనబోయి, ఆ మాట నా చెవులకే వినిపించి, నోరు మూసుకుని లేచి వెళ్ళిపోయాను. ఆ తర్వాత చాలా రోజులు నోరు తెరిచి ప్రార్థన చెయ్యలేదు, ఏం బయటికొస్తుందోనని భయం.

అప్పుడు పాస్టరయ్య విజయనగరంలోనే ఇంకో పెద్ద కంటి ఆసుపత్రికి వెళ్ళమన్నారు. "దీవెన అద్దాల ఫ్రేము కూడా వదులైపోయినాది, ఇద్దరూ కలిసి ఎల్లండి" అన్నారు. వెళ్ళడానికి నాలుగు రోజుల ముందు నేను మామూలుగా ఉపవాసం మొదలుపెట్టాలి. గిన్నెలు కడిగేసి కూర్చున్నాను. ఎదురుగా దీవెన నిశ్చింతగా కూర్చుని చోడి అంబలి, అదే రాగి జావ, తాగుతోంది. నాలో ఏదో తెగిపోయింది. ఇది తింటుంది, దీనికి చూపు. నేను మాడతాను, నాకు మసక. ఇంకెందుకు మాడటం? లేచి పళ్ళెం తెచ్చుకుని దాని ఎదురుగానే కూర్చుని అన్నం పెట్టుకున్నాను, లోపల అనుకున్నాను: "సూడు ప్రభువా, ఈసారి నాను కూడా దీనిలాగే తినే ఎల్తాను. ఏటవుతాదో నువ్వే సూసుకో." దేవుడితో పంతం, సహోదరులారా! భయభక్తులున్న మనిషి చేసే పనేనా అది!

ఆ రోజులన్నీ మామూలుగానే తిన్నాను, మామూలు కంటే ఒక ముద్ద ఎక్కువే. వెళ్ళే రోజు పొద్దున్న చీపురుపల్లి స్టేషను దగ్గర దీవెన ఇడ్లీ తీసుకుంటే నేను ఇడ్లీతో పాటు పాకం గారెలు తీసుకున్నాను, ఆమె ఒక టీ తాగితే నేను పంచదార ఎక్కువ వెయ్యమని రెండు తాగాను. దీవెన నా వైపు వింతగా చూసి, "అక్కా, ఇవాళ ఆకలేస్తన్నాదేటి?" అంది. "ఎందుకెయ్యదు? నాదీ కడుపే" అన్నాను.

ఆసుపత్రిలో కుర్చీలో కూర్చోబెట్టారు. బోర్డు వెలిగింది. పై అక్షరం కనిపించింది. రెండోది తడుముకున్నాను. మూడో వరస లేదు! అంతా మసక! సహోదరులారా, మీరు నవ్వుతారు, నాకు ఏడుపు రావాలి గదా, పట్టలేనంత సంతోషం వచ్చింది! "కనిపించటం లేదండీ! సూడండీ, నాకు కనిపించటం లేదు!" అని అరిచాను. ఇన్నాళ్ళకి మసక నాతో పాటు ఆసుపత్రిదాకా వచ్చింది! పరీక్ష చేసే అమ్మాయి నా పాత అద్దాలు, నా పాత చీటీలు పక్కపక్కన పెట్టుకుని చూసి, ఏమీ అర్థం కాక లోపలికి వెళ్ళి డాక్టరమ్మని పిలుచుకొచ్చింది.

డాక్టరమ్మ వేలు పొడిపించింది. మిషను చూసి ముఖం మారిపోయింది. "మీకు షుగర్ ఎప్పటి నుంచి ఉంది?" అంది. "నాకు లేదండి, సూసి సెప్పినారు" అన్నాను. "దాహం ఎక్కువగా ఉంటుందా? ఒళ్ళు తగ్గారా?" అని అడిగింది. రెండూ నిజమే. ఎండాకాలం కదా అనుకున్నాను, ఉపవాసాల వల్ల చిక్కాననుకున్నాను. "వెనకటి పరీక్షలప్పుడు ఏం తిని వెళ్ళారు?" అని అడిగింది. నేను నోరు విప్పలేదు. అది దేవుడికీ నాకూ మధ్య మాట కదా, బయట ఎలా చెబుతాను?

పక్కన నిలబడ్డ దీవెన ఆగిందా! "తిన్లేదండి, ఉపోసం ఉంటాదండి! మూడేసి దినాలు, ఒట్టి మంచినీల్లే! ఎప్పుడు కళ్ళకి ఎల్లినా అలగే ఎల్తాదండి. ఎవులికీ సెప్పదు గానీ ఒక ఇంట్లో ఉన్నోళ్ళకి తెల్దేటండి? ఈ ఒక్కసారే తిని వచ్చినాది!" అని మొత్తం చెప్పేసింది. నా ఉపవాసాల్ని పరాయి మనిషి ముందు అలా విప్పేసేసరికి దాన్ని అక్కడే కొట్టాలనిపించింది.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని నాకు అర్థమయ్యేలా చెప్పింది. ఒంట్లో షుగర్ పెరిగితే కంటి లోపల ఉన్న కటకం ఉబ్బుతుందట, చూపు మారిపోతుందట, షుగర్ తగ్గితే మళ్ళీ సర్దుకుంటుందట. "మీరు రోజుల తరబడి ఏమీ తినకుండా వెళ్ళారు. అప్పటికి షుగర్ దిగిపోయింది, రక్తం చూసినా తెలియలేదు. ఆ కళ్ళకి సరిపోయేలా అద్దాలిచ్చారు. ఇంటికెళ్ళి తిన్నారు, కన్ను మారిపోయింది, అద్దాలు పాతవే. ఎవరి తప్పూ లేదమ్మా. మీరు రోజూ చూసే కళ్ళు ఇవాళే మొదటిసారి మాకు చూపించారు" అంది. మూడు నెలల షుగర్ సంగతి చెప్పే రక్తపరీక్ష కూడా చేయించింది, అది కూడా అదే చెప్పింది. తర్వాత చుక్కలు వేసి కంటి వెనక పొర చూసింది. అక్కడ సన్నటి రక్తపు చుక్కలు మొదలయ్యాయట. ఎడమ కంటిలో కాస్త ఎక్కువగా ఉన్నాయట. "ఇంకొన్నాళ్ళు ఇలాగే అద్దాలు మార్చుకుంటూ తిరిగి ఉంటే, చదవడం మాట అటుంచండి, దారి కూడా కనిపించేది కాదు" అంది.

ఆ మాట విన్నాక నాకు ఒకటే ఆలోచన. నేను ఉపవాసం ఉండి ఉంటే? ఆ రోజు కూడా భక్తిగా మాడి వచ్చి ఉంటే, కింది వరస దాకా చదివేసి, సంతోషంగా ఇంటికెళ్ళి, గుడ్డిదాన్ని అయిపోయేదాన్ని! నన్ను ఆ పూట తినేలా చేసింది నా విశ్వాసం కాదు, నా ఓర్వలేనితనం! దాన్ని కూడా దేవుడు వదిలిపెట్టలేదు, దానికీ ముక్కుతాడు వేసి నన్ను ఆ కుర్చీ దాకా నడిపించాడు! నా దేవుడు ఎంత గొప్పవాడు!

చుక్కలు వెయ్యడం వల్ల తిరుగు ప్రయాణంలో నాకు అంతా తెల్లటి వెలుతురే, ఎదుట మనిషి కూడా ఆనటం లేదు. దీవెన నా చెయ్యి పట్టుకుని విజయనగరం స్టేషనులో ప్లాట్‌ఫారం మీద ఒక సిమెంటు బల్ల మీద కూర్చోబెట్టింది. నేను కళ్ళు మూసుకుని కూర్చున్నాను. జనం తిరుగుతూనే ఉన్నారు, ఆమె ఎవరినీ పట్టించుకోకుండా నా తల మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన మొదలుపెట్టింది:

"ప్రభువా, మా అక్కకి సూపిచ్చీ. దానికి సదువు తప్ప ఇంకేటీ లేదు, నీకు తెలుసు. ఆదివారం వచ్చిందంటే నాకు కాళ్ళు వణికిపోతన్నాయి ప్రభువా, శనివారం నుంచి ముద్ద దిగదు. అది నాకేసే సూస్తాది, ఎక్కడ తప్పు సదువుతానో అని నాకు బయ్యం. దాని పని దానికిచ్చీ, నన్ను ఇడిసిపెట్టీ. నాకు కళ్ళిచ్చినావు సాలు."

వింటున్నారా సహోదరులారా! నేను ఏ చోటు కోసం ఏడ్చి చచ్చానో ఆ చోటులో ఆమె వణుకుతూ నిలబడిందట! నా చూపు ఆమెను అంత పొడుస్తోందట, ఆమె సంగతి నాకు తెలుసు అనుకున్నాను గానీ నేను ఆమెను తప్పులు వెతకడానికి తప్ప ఒక్కనాడు కూడా చూడలేదు. నేను వెంటనే మారిపోయానని చెప్పను, అది అబద్ధమవుతుంది. అంత ప్రార్థన వింటూ కూడా లోపల ఒక మూల, "అంత బయ్యమైతే ఎందుకు సదివినావు మరి" అనే అనుకున్నాను. కానీ ఆమె చెయ్యి నా తల మీద నుంచి తియ్యలేదు, నేనూ తియ్యమనలేదు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే, చుక్కల వల్లేనని చెప్పాను.

ఇంటికొచ్చిన మర్నాడు పాస్టరయ్య దగ్గరికి వెళ్ళి పోట్లాడినట్టే అడిగాను, ఇన్నేళ్ళు ఉపవాసం ఉండటం నా తప్పా అని. ఆయన, "ఉపవాసం తప్పు కాదు కరుణమ్మా. ఉపోసం ఉండి వచ్చినానని డాక్టరుకి సెప్పకపోడమే తప్పు. ఇంక మందులు మింగుతూ కడుపు మాడ్సొద్దు, ప్రార్థన సెయ్యి, దేవుడు నీ అన్నం కంచం కేసి కోపంగా సూడ్డు" అన్నారు. ఆ పూట వాళ్ళింట్లోనే మోకరించి, నా అసూయంతా పేరు పెట్టి చెప్పుకున్నాను. ఏ ఆదివారం ఏం కోరుకున్నానో, అద్దాలకి ఏమవ్వాలని నోటి దాకా వచ్చిందో, అన్నీ. పాస్టరయ్య భార్య పక్కనే కూర్చుని వింది. "ప్రభువా, నా కళ్ళ కంటే ముందు ఇది తియ్యి" అని ప్రార్థించాను. సహోదరులారా, గుండెల మీద నుంచి బస్తా దింపినట్టయింది!

మాత్రలు మొదలుపెట్టాను, బెల్లం పరమాన్నం మానేశాను, అది మాత్రం కష్టంగానే ఉంది. గట్ల మీద పొద్దున్నే నడుస్తున్నాను, నాతో పాటు దీవెన వస్తుంది, చోడి అంబలి ఉప్పు వేసి తాగుతున్నాను. షుగర్ దిగి నిలకడగా ఉన్నాక డాక్టరమ్మ మళ్ళీ పిలిచి, తిని రమ్మని గట్టిగా చెప్పి, కొత్త అద్దాలు రాసింది. ఆ అద్దాలు పెట్టుకుని ఆసుపత్రిలో చదివాను, బస్సులో చదివాను, ఇంటికొచ్చి అన్నం తిని అరుగు మీద కూర్చుని చదివాను, మర్నాడు చదివాను, అక్షరం కదల్లేదు! మా ఆయన్ని పిలిచి, "ఇదిగో, బస్సు దిగినాను, సదువుతన్నాను, సూడు!" అన్నాను. ఆయన నవ్వుతూ కూర్చున్నాడు. ఎడమ కన్ను పూర్తిగా రాలేదు, ఒక మూల ఇంకా పొగలా ఉంటుంది, డాక్టరమ్మ చూస్తూనే ఉంది. అంతా పోయిందని చెబితే అబద్ధ సాక్ష్యమవుతుంది. ఉన్న కంటి కోసం దేవుణ్ణి స్తుతిస్తున్నాను.

పాస్టరయ్య నన్ను మళ్ళీ చదవమన్నారు. చదివాను. ముసలమ్మలు చెయ్యి పట్టుకున్నారు, నాకు ఇంకా తీపిగానే ఉంది, దేవుడు క్షమించాలి. తర్వాత నేనే అయ్యగారిని అడిగి, ఒక వారం నేను, ఒక వారం దీవెన అని పెట్టించాను. దీవెన నా చెయ్యి పట్టుకుని, "ఎందుకక్కా నన్ను మళ్ళీ లాగుతావు!" అని ఏడ్చినంత పని చేసింది. "నా గొంతు అరిగిపోయినాదే, సదువు" అన్నాను.

పోయిన ఆదివారం ఆమె వంతు. వేదిక ఎక్కి, అద్దాలు సర్దుకుని, నా కేసి చూసింది, భయంగానే. నేను కళ్ళు మూసుకున్నాను. ఆమె మొదలుపెట్టింది. చదివింది. ముగించి దిగి వచ్చి నా పక్కన కూర్చుని చెవిలో, "అక్కా, ఎక్కడ తప్పు సదివినాను?" అని అడిగింది. ఆమె తప్పులు చదివిందో లేదో నాకు తెలియదు! వాక్యం వింటూ ఉండిపోయాను! ఇన్నేళ్ళు ఆ మందిరంలో చదివాను, కాచుకుని కూర్చున్నాను, వినడం మాత్రం ఆ రోజే విన్నాను. "తెల్దే" అన్నాను. ఆమె నమ్మలేదు. ఆరాధన అయ్యేదాకా నా కేసి అనుమానంగా చూస్తూనే ఉంది!

ఈ మాటలు చదువుతున్న సహోదరీ, సహోదరుడా, మీకు కూడా ఏ ఇంట్లోనో ఏ వరసలోనో మీ ముందు కూర్చున్న మనిషికి దొరికిన దీవెన చూసి కళ్ళు మసకేస్తున్నాయా? మంచివాళ్ళం అయ్యాక, మనసు శుభ్రం చేసుకున్నాక దేవుడి దగ్గరికి వెళ్దామని ఆగుతున్నారా? ఆగకండి. ఆయన దగ్గరికి పరీక్షకి వెళ్ళినట్టు తయారై వెళ్ళకండి. పొద్దున్న తిన్నది తిన్నట్టే, రాత్రి కుళ్ళుకున్నది కుళ్ళుకున్నట్టే, ఆ మసకతోనే వెళ్ళి ఆయన ఎదుట కూర్చుని, నాకు కనిపించటం లేదు ప్రభువా అని చెప్పండి. నన్ను తోసెయ్యని దేవుడు మిమ్మల్ని తోసెయ్యడు. ఆయనకే స్తోత్రం, ఆయనకే మహిమ, మా దీవెనకి కూడా నా వందనాలు. ఆమేన్.